కీలెరిగిన చేతులు

బోగోలు గ్రామమునకు రైలులో వచ్చువాడు బోగోలులో దిగడు, బిట్రగుంటలో దిగును. ఊరి పేరొకటియు స్టేషను పేరొకటియు అగుట మన దేశమున వింత కాకపోయినను, ఇచ్చట మాత్రము స్టేషనే ఊరిని పెంచి పెద్దచేసినది కనుక, దాని పేరు ఊరి పేరును మ్రింగినంత పని చేసినది. 1899లో విజయవాడ–మద్రాసు రైలుమార్గమున రాకపోకలు మొదలైన పిమ్మట, ఆ దారిని పోవు ఆవిరి యంత్రములకు నీరు పట్టి, బొగ్గు నింపి, బూడిద దులిపి, మరల దారికి పంపు లోకో షెడ్డు ఇచ్చట వెలసెను. రేయింబవళ్ళు కూతలతో, పొగతో, సుత్తి చప్పుళ్ళతో ఊరికి నిద్రయన్నది ఎరుగనీయని ఆ షెడ్డునే నమ్ముకొని కొన్ని వందల కుటుంబములు బ్రతికెను. వాటిలో మా కుటుంబమొకటి.

మా నాయన ఆ షెడ్డులో ఫిట్టరు. యంత్రము లోపలికి వచ్చి నిలువగనే ఆయన చేయు మొదటి పని, ఏ పనిముట్టును తీయకుండ, అరచేతి వెనుక భాగమును ఇరుసు పెట్టెకు ఆనించి చూచుట. వేడి మితి మీరినదా, బేరింగు అరుగుచున్నదా, నూనె ఎండినదా అను సంగతి ఆ చేతికి తెలిసినంత శీఘ్రముగ కాగితములకు తెలియదని ఆయన నమ్మకము. "ఇంజను మాట్లాడతాదిరా, మనమే ఇనాల" అనువాడు. ఆయన చదువు ఐదవ తరగతితో ఆగినది. అయినను బాయిలరు లోపలి గొట్టముల వరుస ఆయనకు తన ఇంటి వాసముల వలె కంఠస్థము. చెడిన భాగము దొరకనప్పుడు షెడ్డులోని కొలిమియందే ఇనుమును కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో అరగదీసి దానిని తయారుచేసికొనెడివారు. 1980 నాటికి విజయవాడ–మద్రాసు మార్గమంతయు విద్యుదీకరణము పూర్తియైనది. ఆవిరి యంత్రములు పోయినవి. వాటి వెంట షెడ్డును పోయినది. కరెంటు ఇంజనుకు అరచేతితో పనిలేదు.

ఈ పాత కథ ఇప్పుడెందుకని పాఠకులడుగవచ్చును. 2025 అక్టోబరులో నా బల్లపై జరిగిన యొక చిన్న ఉదంతము దీనిని జ్ఞాపకము చేసినది.

2016లో కొన్న లాప్‌టాప్ నా యొద్ద కలదు. అయిదవ తరము ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యాము, 500 జీబీ హార్డు డిస్కు. అప్పటి మధ్యతరగతి వాని తాహతుకు తగిన సరకు. దాని మీటలలో ఒక్కటియు అరుగలేదు, తెర మసకబారలేదు, కీళ్ళు వదులుకాలేదు. అట్టి యంత్రము, నేను వ్యాసమొకటి సగము వ్రాసియుండగా, తన ఆయుర్దాయము తీరినదని తెరపై విజ్ఞాపనము వేసి చూపినది. 2015 జూలైలో వెలువడిన విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత భద్రతా సవరణలు ఆగిపోవుననియు, కావలసినవారు మరియొక సంవత్సరము వానిని పొడిగించుకొనవచ్చుననియు, విండోస్ 11కు మారుట మాత్రము ఈ యంత్రమునకు సాధ్యము కాదనియు దాని సారాంశము. సాధ్యము కాకపోవుటకు హేతువు బలహీనత కాదు. కొత్త వ్యవస్థ కోరు టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు దీనికి లేదు, ఎనిమిదవ తరము మొదలుకొని గల ఇంటెల్ ప్రాసెసర్ల జాబితాలో దీని పేరు లేదు. పది సంవత్సరములు పోషించిన సంస్థను నిందించుట నా ఉద్దేశము కాదు. కాని అరుగని ఇరుసును అరిగినదని వ్రాసి పక్కకు నెట్టుటను చూచినచో మా నాయన ఏమనియుండెడివాడో నాకు తెలియును. అది అచ్చువేయుటకు తగిన మాట కాదు.

పొరుగు పట్టణమగు కావలిలోని దుకాణదారుడు "కొత్తది తీసుకోండి సార్, దీనికింక పనిలేదు" అని తేల్చినాడు. అక్కడ ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు ఆదివారమున భోజనమునకు వచ్చి, దానిని తిరగవేసి చూచి, "పారేసేదేంది మామా, బంగారంలా ఉండాది. దీంట్లో లినక్సు ఎక్కిద్దాం" అన్నాడు.

లినక్సు అను పేరు విన్నంతనే అది నల్లని తెరపై తెల్లని అక్షరములతో కుస్తీపట్టు పండితుల విద్యయని భయపడువారిలో నేనును ఒకడను. అది ఫిన్లండులో పుట్టినది. హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న 21 ఏండ్ల లీనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన సరదాకొరకు చిన్న వ్యవస్థ నొకదానిని వ్రాయుచున్నానని ప్రకటించెను. యంత్రపు అంగములకును మన పనులకును నడుమ మధ్యవర్తియై నిలుచు కెర్నలు మాత్రమే ఆయన వ్రాసినది. తక్కిన పరికరములలో పెక్కింటిని, అంతకు ఎనిమిదేండ్ల క్రిందటనే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో ఆరంభించిన గ్నూ ఉద్యమము సిద్ధము చేసి యుంచినది. 1992లో ఆ కెర్నలు గ్నూ వారి లైసెన్సు క్రిందికి వచ్చెను. దాని ప్రకారము ఎవరైనను వాడవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. మార్చినదానిని పంచునపుడు మాత్రము ఆ మార్పుల మూలమును దాచరాదు. దాచరాదన్న ఆ నిబంధనయే నాకు మా షెడ్డును తలపించినది. అక్కడ బాయిలరు మూతకు తాళము లేదు.

లినక్సును మనము ఎరుగమనుకొనుట భ్రమ. మా మండలములోని జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు నుండి కడలిలోనికి పోవు మత్స్యకారుని జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లోపల నడుచునది ఈ కెర్నలే. ప్రపంచములోని అత్యంత శక్తిమంతములైన 500 సూపరు కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు మొదలుకొని లినక్సు కానిది ఒక్కటియు లేదు. బల్లపైనను ఒడిలోనను ఉండు కంప్యూటర్ల విషయముననే అది ఇంతవరకు బంధువుల పెండ్లిలో పరాయివాడు. మన ఊళ్ళలో డాస్ యంత్రములని వాడుక పేరుతో చవుకగా అమ్మెడి లాప్‌టాపులు కొన్నిటిలో ఉబుంటు అను లినక్సు ఉండును. కొన్నవాడు ఇంటికి చేరులోపలనే దుకాణములోని కుర్రవాడు దానిని తుడిచి, డబ్బు కట్టని విండోస్ ఎక్కించి, దానిని సేవగా భావించి పంపును.

మా మేనల్లుడు నా లాప్‌టాప్‌నకు లినక్సు మింటును ఎన్నినాడు. 2006లో క్లెమెంట్ లెఫెబ్వ్ర మొదలిడిన ఈ శాఖ ఉబుంటుపై కట్టబడినది. దీనిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికపాటి రూపము 2 జీబీ ర్యాముతోనే నడుచును. 2024లో వచ్చిన 22వ మింటుకు 2029 వరకు భద్రతా సవరణలు లభించును. హార్డు డిస్కు ముసలిదైనదని, దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయవలెనని వాడు పట్టుపట్టెను. బిట్రగుంట నుండి చెన్నైకి పోవు బండి ఎక్కి రిచీ స్ట్రీటులో దిగిన వానికి దొరకని కంప్యూటరు భాగము లేదు. సాయంత్రమునకు వాడు అరచేయి వెడల్పు గల పెట్టెతోను, నా చేత మోయించిన బిల్లుతోను తిరిగి వచ్చెను. వెనుక మూత మరలు విప్పుటకు మా నాయన పెట్టెలోని స్క్రూడ్రైవర్లు పనికిరాలేదు, అన్నియు పెద్దవి. కండ్లద్దముల దుకాణము నుండి చిన్నదానిని అడిగి తెచ్చితిమి.

ఆ పిదప జరిగినదానిని ప్రయత్నింపదలచిన పాఠకులకొరకు కొంత వివరముగ చెప్పెదను. మొదట నా వ్రాతలు, ఛాయాచిత్రములు, బ్యాంకు కాగితములు అన్నియు వేరొక డిస్కులోనికి ఎక్కించి, వానిని మరియొక కంప్యూటరుపై తెరచి చూచుకొంటిమి. ఎక్కినవనుకొనుట వేరు, తెరచుకొనుట వేరు. పాత డిస్కునకు బిట్‌లాకరు అను తాళము వేయబడి యున్నదేమో చూడుడని, యున్నచో దాని 48 అంకెల తాళపుచెవిని కాగితముపై వ్రాసి పెట్టుకొనుడని నా మనవి. బయాస్‌లో కొన్ని మార్పులు చేసినప్పుడు అది ఆ చెవిని అడుగును, లేదన్నవాని యెడల దయ చూపదు. పిమ్మట ఇంచుమించు 3 జీబీల మింటు దస్త్రమును దించుకొని, దాని షా256 ముద్రను, అనగా 64 అక్షరముల వ్రేలిముద్ర వంటి గుర్తును, మూలస్థానములో ప్రకటించిన దానితో సరిచూచితిమి. ఒక్క బిట్టు మారినను ఆ ముద్ర పూర్తిగ వేరగును. అనంతరము 8 జీబీ పెన్ డ్రైవుపై దానిని వ్రాసి, యంత్రము మేల్కొనునప్పుడు ఎఫ్12 మీటను నొక్కి, డిస్కునుండి గాక పెన్ డ్రైవునుండి లేచునట్లు చేసితిమి. కొన్ని యంత్రములకు ఆ మీట ఎఫ్9, కొన్నిటికి ఎస్కేపు, తయారీదారుల చిత్తము.

అప్పుడు కనబడిన తెరను చూచి నేను విస్మితుడనైతిని. డిస్కుపై ఏమియు వ్రాయకుండగనే, పెన్ డ్రైవుపై నుండియే వ్యవస్థ యంతయు నడుచుచున్నది. దీనిని లైవ్ అందురు. తెర వెలుతురు పెంచి తగ్గించి, టచ్‌ప్యాడును రెండు వ్రేళ్ళతో జరిపి, పాట పెట్టి, కెమెరా తెరచి, మూత మూసి తీసి, ఏది పనిచేయుచున్నదో ఏది పనిచేయుట లేదో ముందే తెలిసికొనవచ్చును. పెండ్లికి ముందు పిల్లను చూచుట మన యాచారము కదా. ఇచ్చట కాపురము కూడ కొంత చేసి చూడవచ్చును.

ఒక్కటి పనిచేయలేదు. వైఫై.

"ఏందిరా ఇది?" యంటిని. వాడు నవ్వి, నా ఫోనును యూఎస్‌బీ తీగతో లాప్‌టాపునకు కలిపి, ఫోనులోని ఇంటర్‌నెట్‌ను దీనికి అందించి, డ్రైవరు మేనేజరు అను పరికరమును తెరచెను. ఆ వైఫై కార్డు తయారీదారుడు దాని లోగుట్టును బయటపెట్టలేదట. బయటపెట్టని దానికి స్వేచ్ఛా డ్రైవరును వ్రాయుట కష్టమట. అందుచే ఆ సంస్థయే యిచ్చిన మూసిన డ్రైవరును మింటు విడిగా ఉంచునట. ఇరువది నిమిషములలో అది చేరినది, వైఫై వచ్చినది. లినక్సు యందలి చిక్కులలో పెక్కింటి మూలము ఇదియే: వ్యవస్థ తెరచి యున్నది, అది మాట్లాడవలసిన అంగము నోరు కట్టుకొని యున్నది. కొనుటకు ముందే వైఫై కార్డు పేరు, గ్రాఫిక్సు కార్డు పేరు విచారించినవానికి సగము శ్రమ తప్పును. "కీలెరిగి వాత పెట్టవలె" నన్న సామెత వైద్యులకొరకే పుట్టినదనుకొంటిని.

స్థాపన ముప్పావు గంటలో ముగిసెను. వ్యవస్థ కొకటి, నా దస్త్రములకు వేరొకటిగ డిస్కును రెండు భాగములు చేసితిమి. రేపు వ్యవస్థను మార్చినను వ్రాతలు కదలవు. అంతకు ముందు రెండు నిమిషములకు పైగ ఆవులించుచు లేచెడి యంత్రము ఇప్పుడు అర నిమిషములోపల నా ముందు నిలుచుచున్నది. ఇందు సగము పుణ్యము ఎస్‌ఎస్‌డీదియని ఒప్పుకొనవలెను.

నాకు అసలైన పరీక్ష తెలుగుతో వచ్చినది. పదునైదేండ్లుగ నేను వ్రాసిన వ్యాసములు పత్రికా కార్యాలయములలో వాడుక యైన యొక డీటీపీ ఫాంటులో ఉన్నవి. వానిని క్రొత్త యంత్రమున తెరచితిని. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, వంకర కామాలు వరుసలు వరుసలుగ నిలిచినవి. ఆ రాత్రి నాకు అన్నము సహించలేదు. కారణము తెలిసిన పిమ్మట కోపము వచ్చినది. ఆ కాలపు ఫాంటునకు ఉన్న గదులు 256 మాత్రమే. తలకట్టును ఒక గదిలో, గుడిని ఒక గదిలో, వత్తును ఒక గదిలో, ఇంగ్లీషు అక్షరములుండవలసిన చోట్లనే కూర్చి, కంటికి తెలుగుగ కనిపింపజేయుట వారి నేర్పు. అనగా ఇంతకాలము నేను వ్రాసినది తెలుగు ముసుగు వేసికొన్న ఇంగ్లీషు పిచ్చివ్రాత. ఆ ఫాంటు లేని చోట ముసుగు జారిపోవును.

చిత్రమేమనగా, లినక్సు పుట్టిన 1991లోనే, అక్టోబరు నెలలో, యూనికోడ్ తొలి సంపుటము కూడ వెలువడినది. అందు తెలుగునకు 0C00 మొదలు 0C7F వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. 'అ' అను అక్షరమునకు ఈ లోకమున నొక్కటే సంఖ్య. ఏ యంత్రమైనను, ఏ ఫాంటైనను అది 'అ'యే. అయితే యూనికోడ్ అక్షరమును మాత్రమే నిర్ణయించును, రూపమును కాదు. 'స్త్రీ' అని వ్రాసినప్పుడు యంత్రములో నిలుచునవి ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆ యారింటిని చదివి, సకారమునకు గుడి తగిలించి, క్రింద తవత్తును, చుట్టును రవత్తును ఒదిగించి, ఒకే అక్షరముగ తెరపై నిలుపు కంసాలి వేరుగ ఉండవలెను. లినక్సులో ఆ కంసాలి పేరు హార్ఫ్‌బజ్. బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ అను ఇరాను దేశస్థుడు పెంచిన ఈ స్వేచ్ఛా పరికరమునే ఫైర్‌ఫాక్సు, క్రోము, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీసు వాడుచున్నవి. పారశీక లిపి చిక్కులెరిగిన వాని చేతినుండి వచ్చిన పనితనము మన వత్తులను నిలిపినది. ఇది నాకు సంతోషము కలిగించిన విషయము. దేశాభిమానులు మన్నింతురు గాక.

పాత ఫాంటు నుండి యూనికోడ్‌నకు మార్చు పరికరములు కలవు. మార్చితిని. నూటికి తొంబది పాళ్ళు సరిగా వచ్చెను. మిగిలిన పదిలో వత్తులు తారుమారై, 'ధర్మము' మొదలగు మాటలు పలుకరాని రూపములు దాల్చెను. చలికాలమంతయు వానిని సరిదిద్దుకొంటిని.

టైపు చేయుటకు మింటులో 'ఐబస్' అను పద్ధతి వేసికొని, దానికి ఎం17ఎన్ కట్టను చేర్చిన యెడల తెలుగునకు పలు మీటల అమరికలు లభించును: ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ మొదలగునవి. వీనిలో ఆర్‌టీఎస్ కథ వినదగినది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ అనువారు, తెలుగు అక్షరములు తెరపై కనబడని రోజులలో, ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగును తప్పు లేకుండ వ్రాసికొనుటకు కూర్చిన పద్ధతి యది; ఇల్లు విడిచి పోయినవారి మమకారము మీటల అమరికగ మారినది. ఇక పోతన, వేమన అను రెండు ఫాంటులు కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు నిర్మించి ఉచితముగ నొసగినవి. ఒక్క ఆజ్ఞతో అవి మింటులో చేరును. రెడ్‌హాట్ అను సంస్థ ఇచ్చిన ఫాంటు పేరు లోహిత్; ఎర్ర టోపీ వారు సంస్కృతము వెదకి ఎరుపునే ఎన్నుకొనిరి. ఈ వ్యాసము పోతనలో వ్రాయుచున్నాను.

హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ వారు ఇరువది యేండ్ల క్రిందటి నుండియే డెబియన్ పై ఆధారపడి, మెనూలు మొదలు హెచ్చరికల వరకు తెలుగున మాట్లాడు వ్యవస్థను కూర్చు పనికి పూనుకొనిరి. పిల్లలకొరకు బాల స్వేచ్ఛ యని వేరొకటి వెలయించిరి. వాడిన మాటలలో కొన్ని నాకు రుచింపలేదు. కంప్యూటరు ముందు కూర్చున్న రైతుకు 'సేవ్' అన్నంత సులభముగ 'భద్రపరచు' అర్థమగునా యన్న సందేహము నాకు నేటికిని తీరలేదు. అయినను జీతము లేక, రాత్రులు మేల్కొని, వేలకొలది వాక్యములను తెనిగించిన ఆ పిల్లల పని చిన్నది కాదు. 2007లో సీడాక్ చెన్నై కేంద్రమునుండి బాస్ లినక్సు వచ్చినది. తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు పంచిన లాప్‌టాపులలో అది విండోస్ ప్రక్కన కూర్చున్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలైతే ఇరువది యేండ్లుగ స్వేచ్ఛా వ్యవస్థ మీదనే పాఠములు నడుపుచున్నవి. మనవద్దకు ఆ సాహసము ఇంకను రాలేదు.

లోపములు దాచుట ధర్మము కాదు. పత్రికల వారు పుటలు కట్టెడి పాత పేజ్‌మేకరు దీనిపై నేరుగ నడువదు. డిజిటల్ సంతకపు టోకెనులు కొన్ని మొరాయించును. మా ముద్రణ యంత్రము రెండు రోజులు మాతో మాట్లాడలేదు, మూడవనాడు ఏ కారణమును చెప్పకుండగనే మాట్లాడినది. మూత మూసినప్పుడు నిద్రపోవలసిన లాప్‌టాప్ ఒకనాడు సంచిలోనే మేల్కొని వేడెక్కి, బ్యాటరీ నంతయు త్రాగి కూర్చున్నది. ఆటల కొరకో, ఆడిటరు పని కొరకో కంప్యూటరు కొన్నవానికి నేను దీనిని సలహా యీయను. నాకు వలె వ్రాయుట, చదువుట, లేఖలు పంపుట, పాటలు వినుట చాలినవానికి దీనికంటె నెమ్మది గల తోడు లేదు.

నల్లని తెర భయము మాత్రము పోయినది. ఏదేని చెడినప్పుడు యంత్రము తన లోపల ఏమి జరిగినదో వరుసవారీగ వ్రాసి పెట్టుకొన్న చిట్టా అందు కనబడును. ఒకటి రెండు మారులు మేనల్లుడు చూపినాడు. పిమ్మట నేనే చదువుట నేర్చితిని. అరువది నాలుగవ యేట, ఆంగ్లములోని ఆ పొడిమాటలను వ్రేలితో వెంబడించి చదువుచు, సంచిలో వేడెక్కిన నాటి సంగతిని నేనే పట్టుకొంటిని: యూఎస్‌బీలో మరచిన మౌసు రిసీవరు దానిని నిద్రలేపుచున్నది. తీసివేసితిని. ఆ సాయంత్రము ఇంటిలో ఎవరును నా గొప్పను గుర్తింపలేదు.

పోయిన వారము ఎదురింటి టీచరమ్మ తన లాప్‌టాప్ తెచ్చి, "చాలా నెమ్మదైపోయింది బాబూ, కొట్లో వాళ్ళు కొత్తది కొనమంటున్నారు" అని మా మేనల్లుని ముందు పెట్టినది. వాడు దానిని వెంటనే తెరువలేదు. స్విచ్చి వేసి, రెండు నిమిషములు ఆగి, తిరగవేసి, అడుగున గాలి పోవు రంధ్రముల వద్ద అరచేతి వెనుక భాగమును ఆనించి, కండ్లు మూసికొన్నాడు. ఎవరు నేర్పిరని నేను అడుగలేదు. తాతను వాడు చూడనేలేదు.

"ఫ్యాను తిరగడంలా టీచరమ్మా," అన్నాడు. "దుమ్ము కట్టేసుండాది. మామా, ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇటీ."